అవ్వను కూడా కొండకు తీసుకెళ్లండి

ఎండలు ముదిరితే చాలు, ముదిగుబ్బ, కదిరి, బత్తలపల్లి వైపు ఇళ్లల్లో ఒకటే మాట. ‘రెండ్రోజులు ఎక్కడికైనా చల్లటి చోటికి పోయొద్దామా?’ పిల్లలు ఊటీ అంటారు. నాన్న సెలవులు, ఖర్చు లెక్కేస్తారు. అమ్మ సర్దాల్సినవి తలచుకుంటుంది. చివర్లో ఎవరో ఒకరు ‘అవ్వ అంత దూరం రాలేదులే, ఇంట్లోనే ఉంటుంది’ అంటారు. అవ్వ కూడా ‘మీరు పోయిరండి నాయనా, నాకెందుకు’ అనేస్తుంది. మాట అక్కడితో ముగిసిపోతుంది.

నిజానికి చాలా ఇళ్లల్లో అవ్వ రాలేనిది కొండకు కాదు, మనం వేసుకునే ప్రయాణానికి. ఒకేరోజు పది గంటలు బండిలో కూర్చోబెట్టి, దిగగానే మెట్లెక్కించి, మధ్యలో మరుగుదొడ్డి కూడా దొరక్కపోతే ముప్ఫై ఏళ్లవాళ్లకైనా కష్టమే. అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్లకు తగ్గట్టు ప్రయాణం వేసుకుని చూడండి. బీపీ, షుగరు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లలో చాలామంది హాయిగా వెళ్లి రాగలరు. మిగతావాళ్లకూ విశ్రాంతి దొరుకుతుంది.

ముందు దగ్గరి కొండ చూడండి

ముదిగుబ్బ నుంచి ఊటీ నాలుగు వందల కిలోమీటర్లు దాటుతుంది. అదే హార్స్‌లీ హిల్స్ అయితే కదిరి, తనకల్లు, ములకలచెరువు మీదుగా నూరు నూట ఇరవై కిలోమీటర్లు. దారిలో రెండుసార్లు ఆగినా పూట తిరక్కుండా చేరిపోవచ్చు. బి.కొత్తకోట మండలంలోని ఈ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే పిల్లను ఇక్కడ ఏనుగులు కనిపెట్టుకుని ఉండేవని స్థానికుల కథ. కొండపైన ఆ తల్లి గుడి కూడా ఉంది. 19వ శతాబ్దంలో కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్‌లీ వేసవి విడిదికి ఇక్కడ బంగళా కట్టించుకోవడంతో ఆయన పేరు స్థిరపడింది.

కొండ ఎత్తు సుమారు 1,265 మీటర్లు. కదిరికన్నా ఏడు వందల మీటర్లకు పైగా ఎక్కువ. ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత ఆరు డిగ్రీల వరకూ తగ్గుతుంది కాబట్టి ఇక్కడ నాలుగైదు డిగ్రీల తేడా ఉంటుంది. చెట్ల నీడ, గాలి తోడైతే ఒంటికి ఇంకా చల్లగా తోస్తుంది. మే నెల మధ్యాహ్నం ఇక్కడా ఎండ ఉంటుంది. కానీ మిద్దె మీద పడుకున్నా కునుకు పట్టని రోజుల్లో, రాత్రంతా నిద్రపోగలిగే చల్లదనం దొరకడమే పెద్ద లాభం.

ప్రశాంతంగా ఉండాలనుకుంటే శని, ఆదివారాలు వద్దు. బెంగళూరు నుంచి వచ్చేవాళ్లతో అప్పుడు రద్దీ ఎక్కువ. సోమవారం నుంచి గురువారం లోపు రెండు రాత్రులు ఉండేలా చూసుకోండి. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొస్తే మిగిలేది అలసటే.

ఎత్తుకు భయపడాలా?

‘కొండ మీద ఊపిరి ఆడదేమో’ అన్నది పెద్దవాళ్ల మొదటి అనుమానం. ఎత్తు వల్ల వచ్చే తలనొప్పి, వికారం, ఆయాసం వంటివి సాధారణంగా 2,500 మీటర్లు దాటాకే మొదలవుతాయి. ఊటీ కూడా సుమారు 2,240 మీటర్లే. హార్స్‌లీ హిల్స్ అందులో సగానికి కొంచెం ఎక్కువ. గుండె, ఊపిరితిత్తుల జబ్బులు అదుపులో ఉన్నవాళ్లకు ఈ ఎత్తు మామూలుగా ఇబ్బంది పెట్టదు.

అయితే ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు, నాలుగడుగులు వేసినా ఛాతీలో నొప్పి లేదా ఆయాసం వస్తున్నవాళ్లు, కొత్తగా ఆపరేషన్ అయినవాళ్లు, గర్భిణులు డాక్టరును అడక్కుండా బయల్దేరొద్దు. ఆయన ‘ఇప్పుడు వద్దు’ అంటే ప్రయాణం రెండు నెలలు వాయిదా వేయండి. కొండ ఎక్కడికీ పోదు.

గాలి మంచిదే... కానీ మందు కాదు

‘అక్కడి గాలికి బీపీ తగ్గుతుందంట, రెండ్రోజులు మాత్రలు వేసుకోకపోయినా ఏం కాదు’ అనేవాళ్లు ఉంటారు. ఈ మాట ఎంతవరకు నమ్మాలో ఈ ప్రాంతపు చరిత్రే చెబుతుంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ రోగుల కోసం పెద్ద శానిటోరియం ఉండేది. 1912లో పుట్టిన ఈ సంస్థకు తొలి సారథి డెన్మార్క్ వైద్యుడు ఫ్రిమోట్ మోలర్. క్షయకు మందులు లేని రోజులవి. పొడి గాలి, విశ్రాంతి, మంచి తిండి... వైద్యమంటే ముఖ్యంగా ఇవే. అందుకే ఎక్కడెక్కడి నుంచో రోగులు ఈ చల్లటి నేలకు వచ్చేవాళ్లు.

తర్వాత మందులు వచ్చాయి. శానిటోరియంలో ఉంచితేనే నయమవుతుందా, ఇంట్లో ఉండి మందులు వాడినా సరిపోతుందా అన్నది తేల్చడానికి 1956లో మద్రాసులో అధ్యయనం మొదలుపెట్టారు. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇరుకిళ్లల్లో, అంతంతమాత్రం తిండితో ఉన్న పేదలకు కూడా మందులు సరిగ్గా వాడితే శానిటోరియంలో ఉన్నవాళ్లతో సమానంగా నయమైంది. క్షయ వైద్యం తీరునే ఈ అధ్యయనం మార్చేసింది.

మనకు పనికొచ్చే సంగతి ఒకటే. కొండ గాలి ఒంటికి హాయినిస్తుంది, మాత్ర చేసే పని మాత్రం చేయదు. బీపీ, షుగరు, థైరాయిడ్, మూర్ఛ, గుండె మందులు ఏవీ ఒక్క పూట కూడా ఆపొద్దు.

మందుల సంచి చేతిలోనే

ఉండే రోజులకన్నా మరో రెండ్రోజులకు సరిపడా మందులు పెట్టుకోండి. డిక్కీలో వద్దు, చేతి సంచిలో ఉంచండి. డాక్టరు చీటీని ఫోనులో ఫొటో తీసుకోండి. కొండపైన కావాల్సిన మందు దొరుకుతుందని అనుకోవద్దు.

ఇన్సులిన్ వాడేవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. వాడకంలో ఉన్న సీసా లేదా పెన్ను సాధారణంగా 25-30 డిగ్రీల లోపు ఉంటే దాదాపు నాలుగు వారాలు పనిచేస్తుంది. ఎండలో ఆపిన కారు లోపల వేడి అంతకు మించిపోతుంది. టీ తాగడానికి దిగినా ఆ సంచి వెంట తీసుకెళ్లండి. ఐసు ముక్కలకు నేరుగా తగలనివ్వొద్దు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

రోజూ ఇంట్లో కూర్చునేవాళ్లు కొండ మీద ఎక్కువ నడిస్తే షుగరు పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే వెంటనే చూడండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల గ్లూకోజు లేదా చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. పావుగంట తర్వాత మళ్లీ చూడండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. మన చెనక్కాయల చిక్కీ రుచిగానే ఉంటుంది కానీ, ఆ సమయానికి పనికిరాదు. అందులోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది.

ఆస్తమా ఉన్నవాళ్లకు చల్లగాలి, పొగమంచు, చలిమంట పొగ ఇబ్బంది తెస్తాయి. ఇన్‌హేలరు జేబులో ఉండాలి. పొద్దునే నడకకు వెళ్తే ముక్కు, నోరు కప్పేలా మఫ్లరు చుట్టుకోండి.

నీళ్లు తాగని ప్రయాణం వద్దు

ఆడవాళ్లు బయటికి చెప్పుకోని సమస్య ఇది. దారిలో మరుగుదొడ్డి ఉండదని పొద్దుట్నుంచీ నీళ్లు తాగరు. బీపీకో, కాళ్ల వాపుకో నీరు పోయే మాత్ర వాడే అవ్వలు ఆ రోజు మాత్ర మానేస్తారు. ఎండ కాసే నేల మీద మూడు గంటలు ఇలా వెళ్తే ఒంట్లో నీరు తగ్గి కళ్లు తిరుగుతాయి. మూత్రం ఆపుకుంటే ఇన్‌ఫెక్షన్ కూడా రావచ్చు. బీపీ పెరగడం సరేసరి.

కాబట్టి ఎక్కడ ఆగాలో బయల్దేరకముందే అనుకోండి. గంటకోసారి అయిదు పది నిమిషాలు ఆపండి. పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్డి, తాగునీరు ఉచితంగా అందుబాటులో ఉంచాలన్నది నిబంధన. మొహమాటపడకుండా అడగండి. ‘అవ్వా, పోవాలా?’ అని అడిగితే ఆమె ఎలాగూ వద్దనే అంటుంది. అడక్కుండానే బండి ఆపండి. నీరు పోయే మాత్ర ఆ రోజు ఎప్పుడు వేసుకోవాలో ముందుగానే డాక్టరును అడిగి పెట్టుకోండి. సొంతంగా మానొద్దు.

మలుపుల్లో వాంతులు రాకుండా

కొండ కింది నుంచి ఘాట్ రోడ్డు మలుపులు మొదలవుతాయి. లోపలి చెవి ‘కదులుతున్నాం’ అని చెబుతుంది. ఫోను చూస్తున్న కళ్లు ‘కదలట్లేదు’ అంటాయి. మెదడుకు అందే ఈ రెండు కబుర్లకూ పొంతన కుదరక వికారం పుడుతుంది. వాంతులయ్యేవాళ్లను ముందు సీట్లో కూర్చోబెట్టండి. దూరంగా ఉన్న కొండల్ని చూడమనండి. పిల్లల చేతుల్లోంచి ఫోను తీసేయండి.

ఖాళీ కడుపుతో వెళ్లినా, పొట్టనిండా తిన్నా ఇబ్బందే. కదిరిలో రెండు ఇడ్లీలు చాలు. ఉగ్గాని తినాలనిపిస్తే కొద్దిగా తినండి, బజ్జీలు తిరుగు ప్రయాణం తర్వాత చూసుకుందాం. వాంతుల మాత్ర కావాలంటే డాక్టరు చెప్పింది ఘాట్‌కు అరగంట, గంట ముందే వేసుకోవాలి. వీటిలో చాలావాటికి మగత వస్తుంది. బండి నడిపేవాళ్లు వేసుకోకూడదు. పెద్దవాళ్లలో తికమక, ప్రొస్టేటు సమస్య ఉన్న తాతలకు మూత్రం ఆగిపోవడం వంటివి కలగవచ్చు కాబట్టి వాళ్లకు అడక్కుండా ఇవ్వొద్దు.

ఎత్తెక్కేటప్పుడు చెవులు మూసుకుపోతే గుటకలు మింగితే సరిపోతుంది. చంటిబిడ్డకు పాలు పట్టండి.

గదిని కాళ్లు చూసుకుని ఎంచుకోండి

గది బుక్ చేసేటప్పుడు ‘వ్యూ బాగుందా?’ అన్న ప్రశ్న తర్వాత అడగొచ్చు. ముందు ఇవి అడగండి: కింది అంతస్తులో ఉందా? ఎన్ని మెట్లున్నాయి? వెస్ట్రన్ కమోడ్ ఉందా? వేడినీళ్లు వస్తాయా? బండి గది దాకా వస్తుందా? మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు మంచి దృశ్యం కన్నా ఈ అయిదు జవాబులే ముఖ్యం.

ఎక్కడం కన్నా దిగేటప్పుడే మోకాళ్ల మీద భారం ఎక్కువ. గాలిబండ దగ్గరికి వెళ్తే తడి రాతి మీదికి పెద్దవాళ్లను తీసుకెళ్లొద్దు. చేతికర్ర, వెనక పట్టీ ఉన్న చెప్పులు, చిన్న టార్చి వెంట ఉంచండి. కొత్త చోట రాత్రిపూట బాత్రూముకు లేచి పడిపోయేవాళ్లు ఎక్కువ. ఆ లైటు వేసే ఉంచండి.

చల్లగా ఉందని ఎండను తేలిగ్గా తీసుకోవద్దు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే అతినీలలోహిత కిరణాలు పది శాతం దాకా పెరుగుతాయి. టోపీ, కొంగు, గొడుగు ఏదో ఒకటి ఉండాలి. కోతులకు తినడానికి ఏమీ ఇవ్వొద్దు. కరిచినా, గీరినా ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడగాలి. చిన్న గీతే కదా అనుకోకుండా అదే రోజు మదనపల్లె ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా సంగతి చూసుకోవాలి.

తిరుగు ప్రయాణం పొద్దున్నే

రెండ్రోజులు చల్లదనానికి అలవాటుపడిన ఒంటిని మిట్టమధ్యాహ్నం కదిరి ఎండలోకి దించొద్దు. టిఫిన్ కాగానే బయల్దేరండి. చీకట్లో ఘాట్ దిగడం అసలే వద్దు.

ఇల్లు చేరాక ఇంకో పని మిగిలి ఉంటుంది. 2019లో ఇంగ్లండులో దాదాపు 20 వేల మందిని పరిశీలించిన అధ్యయనంలో, వారానికి కనీసం రెండు గంటలు పచ్చని చోట్ల గడిపేవాళ్లు తమ ఆరోగ్యం, మనసు బాగున్నాయని ఎక్కువగా చెప్పారు. ఆ రెండు గంటలూ ఒకేసారి గడిపినా, కొద్దికొద్దిగా గడిపినా తేడా కనిపించలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే మన జిల్లాలోనూ చెరువుగట్టు, గుడి ముందు రావిచెట్టు, ఊరి బయట తోట ఉంటాయి. కదిరికి పాతిక కిలోమీటర్ల దూరంలోనే తిమ్మమ్మ మర్రిమాను ఉంది. వారానికి రెండు మూడు సాయంత్రాలు అవ్వ చేయి పట్టుకుని అరగంట అలా నడిచి రండి. కొండ ప్రయాణానికి కాళ్లను సిద్ధం చేయడానికైనా, వెళ్లొచ్చాక ఆ హాయి నిలుపుకోవడానికైనా ఇంతకు మించిన ఉపాయం లేదు.

బయల్దేరే ముందు ఒక్కసారి

• వారం ముందు: పెద్దవాళ్ల బీపీ, షుగరు చూపించుకోండి. ఆయాసం, ఛాతీ నొప్పి ఉంటే డాక్టరుకు చెప్పండి.
• మూడ్రోజుల ముందు: గది గురించి అయిదు ప్రశ్నలు అడగండి. మందులు తెచ్చి పెట్టుకోండి.
• ముందురోజు: ఇన్సులిన్, గ్లూకోమీటరు, ఇన్‌హేలరు, గ్లూకోజు, ఓఆర్ఎస్, స్వెటరు, టార్చి, చేతికర్ర సర్దుకోండి.
• ఆ రోజు: పొద్దున ఆరింటికల్లా బయల్దేరండి. మందులు మామూలుగానే వేసుకోండి. నీళ్లు తాగండి. గంటకోసారి ఆగండి.
• అత్యవసరమైతే: 108.