గోడకు పూత పడకముందే

మైపాడు సముద్రతీరానికి దగ్గరలో మీవాళ్ళు కొత్త ఇల్లు కొంటున్నారనుకోండి. ఇల్లు చూడబోయిన పెద్దలు ఏమడుగుతారు? బోరునీళ్ళు తియ్యగా ఉన్నాయా, ఉప్పగా ఉన్నాయా? కార్తీకమాసపు వానలకు వీధిలో నీళ్ళు నిలుస్తాయా? ఈసారి మీరూ వెంట వెళ్ళి ఇంకో ప్రశ్న అడగండి: "ఈ ఇంట్లోకి ఫైబర్ తీగ ఏ దారిన వస్తుంది?"

వెంట్రుకలాంటి తీగకు దారెందుకని ఎవరైనా నవ్వవచ్చు. మీరు పదో తరగతి భౌతికశాస్త్రం చదివినవారైతే, వారికి సమాధానం మీరే చెప్పగలరు.

నీటిధారలో చిక్కిన వెలుగు

కాంతి సూటిగా ప్రయాణిస్తుందని మనకు తెలుసు. మరి వంపు తిరిగిన తీగలో ఎలా పోతుంది? ఈ కిటుకును జెనీవా నగరానికి చెందిన డేనియల్ కొలాడన్ నీటితో చూపించి, 1842లో ప్రచురించాడు. తొట్టె నుంచి వంపుగా దూకే నీటిధారలోకి కాంతిని పంపితే, అది ధారతో పాటే వంగి కిందికి దిగింది. 1854లో లండనులో జాన్ టిండాల్ కూడా ఇలాంటి ప్రయోగమే చేసి చూపాడు.

నిజానికి కాంతి వంగలేదు. ధార అంచుకు తగిలిన ప్రతిసారీ వెనక్కి తిరిగి, మళ్ళీ లోపలికే పడింది. ఇదే సంపూర్ణాంతర పరావర్తనం. సాంద్రతర యానకం నుంచి విరళ యానకంలోకి పోబోయే కిరణం, సందిగ్ధ కోణం కన్నా ఎక్కువ కోణంతో అంచును తాకితే బయటికి పోలేదు.

పంజాబులోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ, లండనులో హాప్కిన్స్‌తో కలిసి సన్నని గాజు తంతువుల కట్టగుండా బొమ్మలను పంపాడు. ఆ ఫలితం 1954లో అచ్చయింది. కాని నాటి గాజులో వెలుగు కొద్ది దూరానికే ఇంకిపోయేది. లోపం కాంతిది కాదు, గాజులోని మలినాలదే అని 1966లో చార్లెస్ కావో తేల్చాడు. కిలోమీటరు పోయాక నూటికి ఒక పాలు వెలుగు మిగిలినా చాలు, దానితో వార్తలు పంపవచ్చునన్నాడు. 1970లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీ శాస్త్రజ్ఞులు ఆ గీటు దాటారు. కావోకు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. నేటి మేలైన తంతువులో 15 కిలోమీటర్లు పోయాక కూడా సగం వెలుగు మిగులుతుంది!

ఐదు డిగ్రీల కథ

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మన ఇళ్ళకు వచ్చే తంతువు మందం 125 మైక్రానులు. అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. అందులో వెలుగు నడిచే నడిమి భాగం సుమారు 9 మైక్రానులే. చుట్టూ ఉన్నదీ గాజే. రెండింటి వక్రీభవన గుణకాలకు తేడా వందకు అర పాలు కూడా ఉండదు.

నీటికీ గాలికీ మధ్య సందిగ్ధ కోణం సుమారు 49 డిగ్రీలు. మన తంతువులో రెండు గాజుల మధ్య అది సుమారు 85 డిగ్రీలు. అంటే గోడను దాదాపు రాసుకుంటూ పోయే వెలుగు మాత్రమే లోపల నిలుస్తుంది. దానికున్న వెసులుబాటు ఐదు డిగ్రీలే. (ఇంత సన్నని దారిలో కాంతిని కిరణంగా కాక తరంగంగా చూడాలి. అయినా మన పనికి ఈ లెక్క చాలు.)

తీగను గోడ మూల దగ్గర మడిచి నొక్కితే ఏమవుతుంది? వంపు దగ్గర కాంతి అంచును తాకే కోణం తగ్గిపోతుంది. 85 కన్నా తగ్గిందా, వెలుగు బయటికి కారిపోయిందన్నమాటే. మామూలు తంతువును సుమారు 3 సెంటీమీటర్ల వ్యాసార్థం కన్నా బిగువుగా వంచకూడదంటారు. ఎక్కువ వంపును తట్టుకునే కొత్త రకాలు వచ్చాయి గాని, వాటికీ ఒక హద్దుంది.

స్తంభం నుంచి గుమ్మం దాకా

ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ పథకాన్ని 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. ఊరూరా గుంతలు తవ్వే బదులు, ఉన్న కరెంటు స్తంభాల మీదనే తీగను లాగారు. కరెంటు పక్కన ప్రమాదం కాదా అంటారేమో! ఆ తీగలో లోహం లేదు. గాజు విద్యుద్బంధకం. పక్కన ఎంత కరెంటు పారినా దానిలోని వెలుగు చెదరదు.

వీధిలోని పెట్టెలో ఒక తంతువులోని వెలుగును సాధారణంగా 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో పంచుతారు. అందుకని మీ వాటాకు వచ్చేది బహు స్వల్పం. ఇంట్లోని పెట్టె వాటులో పది లక్షల వంతులు రెండు ఉన్నా గుర్తుపట్టగలదు. అంతకు తగ్గితే ఎర్రదీపం వెలుగుతుంది. ఒక బిగువు వంపు, అతుకులో ఒక దుమ్ము రేణువు – ఈ రెండూ చాలు, ఎర్రదీపం వెలగడానికి. 9 మైక్రానుల దారికి దుమ్ము రేణువు కొండంత అడ్డం కదా!

తుఫాను వస్తే?

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. నెల్లూరు తీరానికి ఇలాంటివి కొత్త కాదు. ఉప్పుగాలికి రాగి తీగ పచ్చబారుతుంది, ఇనుప కొక్కెం తుప్పు పడుతుంది. గాజు తుప్పు పట్టదు. కాని స్తంభం కూలితే దాని మీది తీగా తెగుతుంది.

ఇంకో సంగతి. పాత టెలిఫోనుకు రాగి తీగలోనే ఎక్స్చేంజి నుంచి 48 వోల్టుల కరెంటు వచ్చేది. అందుకే ఊరంతా చీకటైనా ఆ ఫోను మోగేది. గాజు తీగ వెలుగునే తెస్తుంది గాని కరెంటును తేలేదు. మీ ఇంట్లో కరెంటు పోతే, తీగ బాగున్నా పెట్టె ఆగిపోతుంది. తుఫాను హెచ్చరిక అత్యవసరమైన వేళే అది మూగబోతుంది! కాబట్టి పెట్టెకు చిన్న బ్యాటరీ ఆధారం పెట్టుకోవాలి. రేడియోను మాత్రం మూలన పడేయకండి.

ఇల్లు చూసేటప్పుడు

అడ్వాన్సు ఇవ్వకముందే ఇరుగుపొరుగును అడగండి: ఈ వీధికి ఏ కంపెనీ తీగ వచ్చింది? పెట్టె ఎంత దూరంలో ఉంది? "వస్తుంది లెండి" అన్న మాట వేరు, వచ్చిన తీగ వేరు. అపార్టుమెంటు అయితే, భవనాలకు ఇలాంటి వసతులను బట్టి రేటింగు ఇచ్చే పద్ధతికి ట్రాయ్ 2024లో నిబంధనలు తెచ్చిందని పెద్దలకు చెప్పండి.

ఇల్లు ఇంకా కడుతూ ఉంటే మరీ మంచిది. గోడకు పూత పడకముందే వీధి వైపు నుంచి ఇంటి నడుమకు విడిగా ఒక గొట్టం వేయించండి. కరెంటు తీగల గొట్టంలోనే దీన్నీ దూర్చవద్దు. మూలల దగ్గర నిటారు మలుపు కాకుండా వెడల్పయిన వంపు ఉండాలి. బయటి మూతి కిందికి వంగి ఉంటే వాననీరు దూరదు. గొట్టంలో ఒక నైలాను తాడు వదిలితే, రేపు తీగను దానికి కట్టి లాగుకోవచ్చు. లోపలి కొసన ఒక ప్లగ్గు పాయింటు కావాలి. ఇప్పుడు ఇది పూట పని. పూత పడి రంగు వేశాక, గోడ పగలగొట్టవలసిన పని.

ఒక హెచ్చరిక! ఊడిన తీగ కొసలోకి ఎన్నడూ తొంగిచూడకండి. అందులోది పరారుణ కాంతి. కంటికి కనిపించదు, కాని కంటికి హాని చేయవచ్చు.

చేసి చూడండి

ఒక ప్లాస్టిక్ సీసాకు అడుగున చిన్న రంధ్రం చేసి, నీళ్ళు నింపండి. గది చీకటి చేసి, రంధ్రానికి ఎదురు వైపు నుంచి టార్చి వేయండి. వంపుగా దూకే ధార కింద అరచెయ్యి పెట్టండి. వెలుగు చుక్క మీ చేతిలో పడుతుంది. ఇప్పుడు ధార నడుమ వేలితో కొద్దిగా అడ్డండి. చుక్క ఏమైంది? ఎందుకు? ఆ జవాబు తెలిస్తే, మేస్త్రీతో మాట్లాడటానికి మీరు సిద్ధమైనట్లే.