పెంపుడు కొండచిలువల ఆహార మార్పిడి: సజీవ ఎర నుండి శీతలీకరించిన ఎరకు

అమెరికా, బ్రిటన్ తదితర దేశాలలో ఇళ్లలో పెంచే పాములలో బాల్ పైథాన్ అనే చిన్న కొండచిలువ ప్రముఖమైనది. దీని శాస్త్రీయ నామం పైథాన్ రీజియస్. పశ్చిమ, మధ్య ఆఫ్రికా గడ్డిభూములలో, ఎలుకల కలుగులలోను చెదపుట్టలలోను తలదాచుకొనే ఈ పాము సాధారణంగా 90 నుండి 150 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. ఘనా, టోగో, బెనిన్ దేశాల నుండి ఇవి దశాబ్దాలుగా ఎగుమతి అవుతున్నాయి. స్వభావంలో శాంతమైనదే అయినా ఆహారం విషయంలో మొండిదని దీనికి పేరు. బతికున్న ఎలుకలకు అలవాటుపడిన పాము, చంపి గడ్డకట్టించి తిరిగి కరిగించిన ఎలుకను తరచుగా నిరాకరిస్తుంది. రెండు మూడు ప్రయత్నాల తరువాత పెంపకందారు “ఇది ప్రాణమున్న దానినే తింటుంది” అని నిశ్చయించుకొని మళ్లీ సజీవ ఎలుకనే గూటిలో వదులుతాడు.

ఈ నిర్ణయానికి శాస్త్రీయ ఆధారం లేదు. పాము వెదికేది ఎరలోని ప్రాణాన్ని కాదు. ఎర నుండి వెలువడే వాసన, వేడి, కదలిక అనే సంకేతాలను. నిరాకరణ అంటే ఈ సంకేతాలలో ఏదో ఒకటి లోపించిందని, లేదా పాము ఆ సమయంలో తినే స్థితిలో లేదని అర్థం. ఈ రెండింటినీ వేరు చేసి చూడగలిగితే ఆహార మార్పిడి చాలావరకు సాధ్యమవుతుంది.

మార్పిడి ఎందుకు అవసరం

మొదటి కారణం పాము భద్రత. అడవిలో ఎలుక తప్పించుకొని పారిపోగలదు. గాజుపెట్టెలో పారిపోవడానికి చోటు లేదు. ఆకలి లేని పాముతో రాత్రంతా ఉంచిన ఎలుక, తానే ఆకలిగొని పామును కొరుకుతుంది. బాల్ పైథాన్ అటువంటి సమయంలో ఎదురు తిరగక ముడుచుకొని ఉండిపోవడం కద్దు. ఫలితంగా వెన్ను భాగంలో చర్మం, కండరం తెగి ఎముక బయటపడిన గాయాలు కూడా పశువైద్యుల వద్దకు వస్తాయి.

రెండవ కారణం ఎర జీవి సంక్షేమం. ఎలుక కూడా బాధ, భయం తెలిసిన జీవియే. తప్పించుకొనే అవకాశం లేని చోట దానిని ఉంచి, పాము కోసం గంటల తరబడి నిరీక్షింపజేయడాన్ని ఆహార అవసరం పేరిట సమర్థించలేము. మూడవ కారణం నిర్వహణ సౌలభ్యం. ఒకే పరిమాణంలో ఉన్న ఎరను నిల్వ చేసుకొని, తూచి, నిర్ణీత విరామంలో ఇవ్వడం శీతలీకరించిన ఆహారంతో సులభం. అంతేగాక గడ్డకట్టించడం వలన ఎరలోని పరాన్నజీవులు చాలావరకు నశిస్తాయి.

పాము ఎరను గుర్తించే విధానం

పాము నాలుక చాపినప్పుడు గాలిలోను, నేలపైన ఉన్న రసాయన కణాలు దానికి అంటుకొంటాయి. ఇవి అంగిలి పైభాగంలోని జాకబ్‌సన్ అవయవానికి చేరుతాయి. పరిసరాలలో ఎర ఉన్నదా, ఉంటే అది ఏ జాతిది అనే సమాచారం ప్రధానంగా ఇక్కడే లభిస్తుంది. చిట్టెలుకలకు అలవాటుపడిన పాము ఎలుకను ముట్టకపోవడానికి ఇదే కారణం. రెండూ మన కంటికి ఒకే రకం ఆహారం. పాము నాలుకకు అవి వేరు.

కొండచిలువల పెదవుల అంచున వరుసగా ఉండే గుంటలు వేడిని గ్రహిస్తాయి. ఈ గుంటల నాడులలో ఉష్ణానికి స్పందించే ప్రోటీన్ టీఆర్‌పీఏ1 అని 2010లో పరిశోధకులు గుర్తించారు. పరిసరాలకన్నా వెచ్చగా ఉన్న వస్తువును పాము చీకటిలో కూడా ఈ విధంగా పసిగట్టగలదు. చల్లని ఎలుక కళేబరం ఈ ఇంద్రియానికి పక్కనున్న రాయికన్నా భిన్నంగా తోచదు. మూడవ సంకేతం కదలిక. పొంచి ఉండి వేటాడే పాము కాటు వేయడానికి ఇది తుది ప్రేరణ.

నిర్జీవ ఎరను స్వీకరిస్తుందనడానికి ఆధారాలు

ప్రకృతిలో పాములు చచ్చిన జంతువులను తినడం అరుదైన విపరీతమని చాలాకాలం భావించారు. 2002లో వెలువడిన ఒక సమీక్షా వ్యాసం పలు కుటుంబాలకు చెందిన అనేక జాతుల పాములు కళేబరాలను తిన్న నమోదులను ఒకచోట చేర్చి, ఈ ప్రవర్తన అనుకున్నదానికన్నా విస్తృతమని చూపింది.

2012లో అమెరికాలోని డికిన్‌సన్ కళాశాల పరిశోధకులు ప్రచురించిన ప్రయోగం మరింత ఆసక్తికరమైనది. చనిపోయిన ఎలుకలను వెచ్చబరచి, వాటి లోపల గుండెలా కొట్టుకొనే కృత్రిమ పరికరాన్ని అమర్చి బోవా కన్‌స్ట్రిక్టర్ పాములకు అందించారు. కృత్రిమ స్పందన కొనసాగినంతసేపు పాములు ఎక్కువసేపు, ఎక్కువ బలంతో చుట్టి నొక్కాయి. అంతవరకు ఎన్నడూ సజీవ ఎరను తినని పాములు కూడా ఆ స్పందనకు ప్రతిస్పందించాయి. ఎంతసేపు నొక్కాలో నిర్ణయించుకొనడానికి పాము గుండె స్పందనను వాడుకొంటుందని ఈ ప్రయోగం తెలిపింది. అదే సమయంలో ప్రస్తుత విషయానికి మరొక ముఖ్యాంశం ఇందులో ఉన్నది: స్పందన లేని ఎలుకలను కూడా పాములు పట్టి చుట్టాయి. అంటే గుండె చప్పుడు నొక్కే బలాన్ని ప్రభావితం చేస్తుందే తప్ప, ఎరను స్వీకరించడానికి అది తప్పనిసరి షరతు కాదు.

మార్పిడికి ముందు సరిచూడవలసినవి

పాము శరీర ఉష్ణోగ్రత పరిసరాలపై ఆధారపడి ఉంటుంది. గూడు చల్లగా ఉంటే ఆకలి మందగిస్తుంది. తిన్నది జీర్ణం కాక కక్కివేస్తుంది. బాల్ పైథాన్ గూటిలో ఒక వైపు 31 నుండి 33 డిగ్రీల సెల్సియస్, మరొక వైపు 24 నుండి 27 డిగ్రీలు ఉండాలి. దేహమంతా ఇమిడే ఇరుకైన చాటు రెండు వైపులా ఉండాలి. కొత్తగా తెచ్చిన పాముకు మార్పిడి వెంటనే మొదలుపెట్టరాదు. అలవాటైన ఎరను కొన్నిసార్లు క్రమంగా తిన్న తరువాతనే ప్రారంభించాలి. కుబుసం విడిచే ముందు కళ్లు పాలవలె తెల్లబడిన రోజులలో ఆహారం పెట్టకుండా ఉండటం మేలు.

ఎర మందం పాము దేహంలోని అత్యంత లావైన భాగాన్ని మించకూడదు. ఎదిగే పాములకు శరీర బరువులో 10 నుండి 15 శాతం బరువున్న ఎరను సుమారు వారానికి ఒకసారి ఇవ్వడం వాడుక. ఉదాహరణకు 600 గ్రాముల పాముకు 60 గ్రాముల ఎలుక సరిపోతుంది. పెద్ద పాములకు ఈ శాతం తగ్గుతుంది, విరామం పెరుగుతుంది.

మార్పిడి దశలు

ఒక్కో దశలో ఒకే అంశాన్ని మార్చడం ఈ పద్ధతికి మూలసూత్రం. అన్నింటినీ ఒకేసారి మార్చితే పాము దేనిని నిరాకరించిందో తెలియదు.

మొదటి దశలో అదే జాతి, అదే పరిమాణం గల ఎరను మానవీయ పద్ధతిలో అప్పుడే చంపి, వెచ్చగా ఉండగానే పొడవైన పటకారుతో అందించాలి. ఇక్కడ వాసన, వేడి మారలేదు. స్వతస్సిద్ధమైన కదలిక మాత్రమే తొలగింది. పటకారును మెల్లగా ఆడించి ఆ లోటు పూరించవచ్చు. రెండు మూడుసార్లు ఈ విధంగా తిన్న పాముకు రెండవ దశలో అదే జాతికి చెందిన, గడ్డకట్టించి కరిగించిన ఎరను వెచ్చబరచి ఇవ్వాలి. ఇది స్థిరపడిన తరువాతనే, అవసరమైతే, మూడవ దశలో చిట్టెలుక నుండి ఎలుకకు మారాలి. అప్పుడు కొత్త ఎరను పాత ఎర ఉన్న గూటిలోని పరుపు పొట్టుతో రుద్దితే పరిచిత వాసన అంటుతుంది.

సాయంత్రం వెలుతురు తగ్గిన తరువాత, పాము చాటులో నుండి తల బయటపెట్టి పొంచి ఉన్న వేళ ఎరను అందించడం ఫలప్రదం. ముఖంపైకి నెట్టరాదు, పక్కనుండి, నేలకు దగ్గరగా కదిలించాలి. పాము పట్టుకొన్న తరువాత పటకారుతో ఒకటి రెండుసార్లు స్వల్పంగా లాగితే పట్టు బిగిస్తుంది. పట్టకపోతే ఎరను చాటు ముంగిట ఉంచి, గూటిని కప్పి, రాత్రికి వదిలివేయవచ్చు. ఉదయానికి తినని ఎరను తీసి పారవేయాలి. తిన్న తరువాత కనీసం 48 గంటలపాటు పామును చేతిలోకి తీసుకోరాదు.

కరిగించే పద్ధతి

మైనస్ 18 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువ ఉష్ణోగ్రతలో నిల్వ చేసిన ఎరను ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి మార్చాలి. పూర్తిగా మెత్తబడిన తరువాత ప్లాస్టిక్ సంచిలో మూసి వేడినీటిలో ఉంచి, పై భాగం 37 నుండి 40 డిగ్రీలకు చేరేవరకు వెచ్చబరచాలి. పొట్ట భాగాన్ని నొక్కి చూసి లోపల గడ్డ మిగలలేదని నిర్ధారించుకోవాలి. మైక్రోవేవ్ ఓవెన్ వాడరాదు. కొంత భాగం ఉడికి, కొంత భాగం గడ్డగానే ఉండి, పొట్ట పగిలే ప్రమాదం ఉన్నది. ఒకసారి కరిగిన ఎరను తిరిగి గడ్డకట్టించరాదు.

నిరాకరణను అర్థం చేసుకొనడం

నిరాకరించిన మరునాడే మళ్లీ ప్రయత్నించడం సాధారణంగా జరిగే పొరపాటు. ప్రతి ప్రయత్నం పామును కలవరపెడుతుంది. ఏడు నుండి పది రోజుల విరామం ఇచ్చి, ఈసారి ఒక్క అంశాన్ని మాత్రమే సవరించాలి: వేడి చాలలేదా, వాసన కొత్తదా, వేళ సరికాదా అన్నది వరుసగా పరీక్షించాలి. తేదీ, ఎర జాతి, బరువు, ఉష్ణోగ్రత, ఫలితం నమోదు చేసే పట్టిక ఇందుకు ఎంతో ఉపకరిస్తుంది.

ఎదిగిన బాల్ పైథాన్‌లు చల్లని కాలంలోను, సంతానోత్పత్తి కాలంలోను నెలల తరబడి స్వచ్ఛందంగా ఉపవాసం ఉంటాయి. దీనిని ఆహార మార్పిడి వైఫల్యంగా పొరబడరాదు. నిర్ణయానికి ఆధారం పెంపకందారు ఆందోళన కాదు, తూకం. బరువు నిలకడగా ఉంటే వేచి ఉండవచ్చు. పది శాతం వరకు తగ్గితే, అంటే 600 గ్రాముల పాము 540 గ్రాములకు చేరితే, లేదా పిల్ల పాము వరుసగా నిరాకరిస్తే, పశువైద్యుని సంప్రదించి అలవాటైన ఎరకు తాత్కాలికంగా మరలడమే ఉచితం. సజీవ ఎర తప్పనిసరి అయినప్పుడు పర్యవేక్షణ లేకుండా వదలరాదు.

పోషణ, పారిశుద్ధ్యం

ఎముకలు, కాలేయంతో సహా మొత్తంగా తినే ఎలుక సంపూర్ణాహారం. అయితే దీర్ఘకాల నిల్వలో కొవ్వులు ఆక్సీకరణం చెంది విటమిన్ ఇ తగ్గుతుంది. కాబట్టి ఆరు నెలలలోపు వాడుకోవడం మంచిది. చేపలను తినే గార్టర్ పాముల విషయం వేరు. కొన్ని చేపలలోని థయామినేజ్ అనే ఎంజైమ్ గడ్డకట్టించినా నశించక విటమిన్ బి1 లోపాన్ని కలిగిస్తుంది.

గడ్డకట్టించడం వలన సాల్మొనెల్లా బ్యాక్టీరియా చావదు. అమెరికాలో 2010లోను, 2014లోను మనుషులలో ప్రబలిన సాల్మొనెల్లా వ్యాధికి పాముల ఆహారంగా అమ్మిన శీతలీకరించిన ఎలుకలతో సంబంధం ఉన్నట్లు తేలింది. వంటింటి పాత్రలు, వంట చేసే గట్టు ఈ పనికి వాడరాదు. సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఐదేళ్లలోపు పిల్లలను ఈ పనికి దూరంగా ఉంచాలి.

మన ప్రాంతానికి వర్తించే అంశాలు

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు పాములను పట్టడం, పెంచడం నేరం. విదేశీ జాతుల విషయంలో, సైటిస్ అనుబంధాలలో చేరిన సజీవ జంతువులను 2022 చట్ట సవరణ, 2024 నియమాల ప్రకారం నమోదు చేయించాలి. బాల్ పైథాన్ ఆ ఒప్పందం రెండవ అనుబంధంలో ఉన్నది. విస్తరణ శాస్త్రవేత్తలను ఎవరైనా సలహా కోరినప్పుడు మొదట తెలుపవలసినది ఇదే.

రెండవది వరి పొలాలలో పట్టిన ఎలుకలు, పందికొక్కులకు సంబంధించినది. వీటిని ఏ బంధిత మాంసాహార జంతువుకూ ఆహారంగా ఇవ్వరాదు. బ్రోమాడయోలోన్ వంటి రక్తం గడ్డకట్టనివ్వని మందు తిన్న ఎలుక కొన్ని రోజుల తరువాతనే చనిపోతుంది. ఆ లోపు పట్టుబడితే ఆరోగ్యంగానే కనిపిస్తుంది. దాని దేహంలోని విషం తిన్న జంతువుకు సంక్రమిస్తుంది.

ముగింపు

కొండచిలువను సజీవ ఎర నుండి మాన్పించడం బలప్రయోగంతో సాధ్యమయ్యేది కాదు. సరైన గూటి ఉష్ణోగ్రత, పరిచితమైన వాసన, దేహపు వెచ్చదనం, తగిన కదలిక సమకూర్చి, ఒక్కోసారి ఒక్క అంశాన్ని మార్చుతూ, తూకం ఆధారంగా వేచి ఉండటమే మార్గం. పాము తినకపోవడాన్ని మొండితనంగా కాక సమాచారంగా చూసిన పెంపకందారుకు తరువాత ఏమి సవరించాలో తెలుస్తుంది. ఇందువలన పాముకు గాయాలు, ఎలుకకు అనవసరమైన యాతన రెండూ తప్పుతాయి.