సందిగ్ధ సర్వనామాలు, అనన్వయ విశేషకాలు: ఆంగ్ల వాక్యసవరణలో మాతృభాషా ప్రమేయం

పోటీపరీక్షల ఆంగ్ల వాక్యసవరణ ప్రశ్నలలో సర్వనామం ఎవరిని సూచిస్తున్నదో, విశేషక పదబంధం దేనికి అన్వయిస్తున్నదో తేల్చడంలో తెలుగు విద్యార్థులు తడబడితే దానిని ఆంగ్ల వ్యాకరణ జ్ఞానలోపంగానే పరిగణించడం పరిపాటి. తెలుగులో ఉన్న స్పష్టతే కొన్నిచోట్ల ఆంగ్లదోషాన్ని కప్పివేస్తున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

'రవి టోల్డ్ గోపి దట్ హి హ్యాడ్ ఫెయిల్డ్' అన్న వాక్యంలో పరీక్ష తప్పినది ఎవరు? 'హి' ఇద్దరికీ వర్తిస్తుంది. తెలుగులో 'తాను తప్పానని రవి గోపితో చెప్పాడు' అంటే తప్పినవాడు రవి. 'అతడు తప్పాడని' అంటే రవి కాని మరొకడు. వాక్యాన్ని మనసులో తెలుగు చేసుకొనేటప్పుడే విద్యార్థి తనకు తెలియకుండా ఈ రెండింటిలో ఒకదానిని ఎంచుకొంటాడు. ఆపై సందిగ్ధత అతనికి కనిపించదు. కనుక తరగతిలో అనువాదాన్ని నిషేధించడం కంటె, 'తాను'తో ఒకసారి, 'అతడు'తో ఒకసారి చేయించడం మేలు. రెండూ సమానంగా పొసగితే వాక్యం సవరించదగినదే. అయితే అర్థరీత్యా కూడా రెండూ పొసగాలి. శస్త్రచికిత్స అవసరమని వైద్యుడు రోగితో చెప్పినప్పుడు 'హి' ఎవరో ఎవరూ పొరబడరు. ఈ విచక్షణ లేకుండా సర్వనామం కనబడిన ప్రతిచోటా దోషం వెదికించడం బోధన కాదు.

విశేషకాల విషయం మరింత సూక్ష్మమైనది. 'వాకింగ్ టు ద మార్కెట్, ద రెయిన్ బిగాన్' అన్నది దోషయుక్తం. నడిచినది వాన అవుతుంది. విద్యార్థి మాత్రం దీనిని 'బజారుకు నడుస్తుండగా వాన మొదలైంది' అని గ్రహిస్తాడు. తెలుగులో అది నిర్దుష్టం, ఎందుకంటే '-ఉండగా' రూపం భిన్నకర్తలను సహిస్తుంది. దానినే శత్రర్థకంతో 'బజారుకు నడుస్తూ వాన మొదలైంది' అని చదివిస్తే తెలుగు చెవికే దోషం తగులుతుంది. 'యాజ్ ఐ వాజ్ వాకింగ్' అని కర్తను చేర్చితే సరిపోతుంది. ('కన్సిడరింగ్' వంటివి ఇప్పటికే విభక్త్యర్థకాలుగా స్థిరపడ్డాయి, వాటికి ఈ పరీక్ష వర్తించదు.)

ఈ ఉపాయానికి ఒక పరిమితి ఉంది. 'ఇంటికి వస్తూ నాకు అతని మాటలు గుర్తొచ్చాయి' అన్న వాక్యం శత్రర్థకంతోనే తెలుగులో చెల్లుతుంది. 'నాకు' అన్న అనుభవకర్త ఇక్కడ కర్తృస్థానాన్ని నిర్వహిస్తున్నది. ఆంగ్లంలో 'రిటర్నింగ్ హోమ్, హిజ్ వర్డ్స్ కేమ్ బ్యాక్ టు మి' అంటే ఇంటికి వచ్చినవి మాటలే. ఇటువంటి వాక్యాలలో తెలుగు చెవిని నమ్మరాదు. 'ఐ రిమెంబర్డ్ హిజ్ వర్డ్స్' అని అనుభవకర్తను ప్రథమలోకి మార్చడం ప్రత్యేకంగా నేర్పవలసి ఉంటుంది.