ఊడిన జుట్టు చెప్పే మూణ్ణెల్ల కిందటి కబురు

మా హాస్టల్లో బాత్రూమ్ జాలీ మూసుకుపోయినప్పుడల్లా వార్డెన్ మేడమ్ అడిగే ప్రశ్న ఒకటే: "ఎవరిదమ్మా ఈ జుట్టు?" మొన్న జనవరిలో ఆ జుట్టులో సగం నాదే. దువ్వెన పెడితే గుప్పెడు, తలంటుకుంటే ఇంకో గుప్పెడు. పిడికిలికి పట్టని జడ కాస్తా వేలు లావుకి వచ్చింది.

కారణం అడిగితే గదికొకటి చెప్పారు. ఒకరు బోరు నీళ్ళన్నారు, ఒకరు మెస్ తిండన్నారు, మా అమ్మ ఫోన్లోనే దిష్టి తీసేసింది. ఈలోపు ఫోన్లో బయోటిన్ గమ్మీల యాడ్స్ మొదలయ్యాయి. ఆరువందలు పోసి సీసా కొన్నా. అది అయిపోతే ఇంకోటి కొన్నా. జుట్టు మాత్రం దాని దారిన అది ఊడుతూనే ఉంది.

మార్చిలో విజయవాడ వెళ్ళి చర్మవ్యాధుల డాక్టరు గారికి చూపించుకున్నా. ఆవిడ నా తల చూడకముందే ఒక మాట అడిగారు: "ఊడడం మొదలవడానికి మూడు నెలల ముందు ఏం జరిగింది?"

అక్టోబరులో నాకు డెంగీ వచ్చింది. పది రోజులు జావ మీదే ఉన్నా. లేచీ లేవగానే సెమ్ ఎగ్జామ్స్. జుట్టు ఊడడానికీ దానికీ సంబంధం ఉందని నాకు తట్టనే లేదు. ఆ ఒక్క ప్రశ్న అర్థమైతే జుట్టు సంగతి సగం అర్థమైనట్టే. అందుకే ఇది రాస్తున్నా.

లేటెన్సీ: తొంభై రోజులు

మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ప్రతి కుదురుకీ దాని క్యాలెండర్ దానికి వేరుగా ఉంటుంది. రెండు నుంచి ఆరేళ్ళు పెరుగుతుంది, నెలకి సుమారు ఒక సెంటీమీటరు చొప్పున. తర్వాత రెండు మూడు వారాల్లో పెరుగుదల ఆపేసుకుంటుంది. ఆ తర్వాత మూడు నెలలు విశ్రాంతి. విశ్రాంతి అయ్యాక పాత వెంట్రుక ఊడుతుంది, కింద నుంచి కొత్తది మొలుస్తుంది. మామూలుగా నూటికి 85 నుంచి 90 వెంట్రుకలు పెరిగే దశలో ఉంటాయి. విశ్రాంతి ముగిసినవి రోజుకి 50 నుంచి 100 దాకా ఊడతాయి. అది జబ్బు కాదు.

ఒంటికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు ఈ లెక్క తప్పుతుంది. డెంగీ, టైఫాయిడ్, కోవిడ్ లాంటి జ్వరాలు, ఆపరేషన్, కాన్పు, అన్నం మానేసి నెలలో పది కిలోలు తగ్గడం, ఇవన్నీ అలాంటి దెబ్బలే. అప్పుడు శరీరం ప్రాణానికి అత్యవసరం కాని పనులు ఆపేస్తుంది. జుట్టు పెంచడం అందులో మొదటిది. పెరుగుతున్న కుదుళ్ళు చాలా వరకూ ఒకేసారి విశ్రాంతిలోకి పోతాయి. మూడు నెలలకి అవన్నీ ఒకేసారి ఊడతాయి. దీన్నే డాక్టర్లు టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు.

మన భాషలో చెప్పాలంటే, ఇవాళ దువ్వెనలో కనపడేది మూడు నెలల కిందటి ఎర్రర్ తాలూకు లాగ్ ఫైల్. మనమేమో నిన్న మార్చిన షాంపూని అనుమానిస్తాం.

మరి బోరు నీళ్ళ సంగతి? ఉప్పు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం లవణాల వల్ల నురగ రాదు, జుట్టు గరుకెక్కుతుంది, మధ్యలో తెగుతుంది. తెగడం వేరు, ఊడడం వేరు. రాలిన వెంట్రుక కొసలు చూడండి. ఒక కొసన తెల్లటి చిన్న ఉండ ఉంటే అది కుదురు నుంచి ఊడింది. రెండు కొసలా ఏమీ లేకపోతే తెగింది. మైక్రోస్కోపు అక్కర్లేదు, ట్యూబ్‌లైటు చాలు.

పూతంతా కాయ అవదు

డాక్టరు గారు రక్త పరీక్షలు రాశారు. రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఉందామని మా ఊరెళ్ళా. మాది నూజివీడు పక్క పల్లెటూరు. రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయల తోటలు. మార్చి కదా, చెట్ల కింద పిందెలు పరుచుకుని ఉన్నాయి. నా తల సంగతి విని తాతయ్య నవ్వాడు.

"పూసిందంతా కాయైతే కొమ్మ నిలుస్తుందా అమ్మడూ? రాలేది రాలుద్ది. ఎప్పుడూ రాలేదానికన్నా ఎక్కువ రాలితే అప్పుడు చూసుకోవాలి. నీరు చాల్లేదా, తేనెమంచు పురుగా, బలం తగ్గిందా అని. అది తెలుసుకోకుండా కొట్టువాడు ఇచ్చిన మందల్లా కొట్టుకుంటా పోతే మనకి మిగిలేది ఖాళీ డబ్బాలే."

నా టేబుల్ మీద రెండు ఖాళీ గమ్మీ సీసాలున్న సంగతి ఆయనకి చెప్పలేదు.

రిపోర్టు వచ్చింది. హిమోగ్లోబిన్ 10.2. ఆడవాళ్ళకి 12 కన్నా తగ్గితే రక్తహీనత కింద లెక్క. ఒంట్లో ఇనుము నిల్వని చెప్పే ఫెరిటిన్ 9 ఉంది. ఆ లెక్కన గోడౌన్ ఖాళీ. డెంగీ ఒక దెబ్బ కొడితే, అప్పటికే చాలని ఇనుము ఇంకో దెబ్బ కొట్టింది. రెండో అంతస్తు ఎక్కితే ఆయాసం రావడం, చదువుకుంటూ పచ్చి బియ్యం నమలాలనిపించడం, ఇవన్నీ బద్ధకం, చిరుతిండి అలవాటు అనుకున్నా. బలపాలు, మట్టి, పచ్చి బియ్యం తినాలనిపించడం ఇనుము లోపానికి గుర్తు కావచ్చని డాక్టరు గారు చెప్తేనే తెలిసింది.

ఇది నా ఒక్కదాని కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే మా గదిలో నలుగురం ఉంటే ఇద్దరికి పైనే. జుట్టు ఊడితే గానీ మేం దాన్ని పట్టించుకోలేదు.

సీసాలో ఏముంది?

బయోటిన్ అంటే బి7 విటమిన్. కెరాటిన్ తయారీలో దాని పాత్ర నిజమే. లోపం ఉంటే జుట్టు ఊడేదీ నిజమే. కానీ ఆ లోపం చాలా అరుదు. పెద్దవాళ్ళకి రోజుకి 30 మైక్రోగ్రాములు చాలు. గుడ్డు, పల్లీలు, పప్పుల్లోనే అది వచ్చేస్తుంది. నా సీసా మీద 5,000 అని ఉంది. నూట అరవై రెట్లకు పైమాటే. లోపం లేనివాళ్ళకి దానివల్ల జుట్టు నిలుస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. ట్యాంకు నిండాక ఎంత పెట్రోలు పోసినా బండి వేగం పెరగదు.

దండగేగా అని ఊరుకోవడానికీ లేదు. చాలా ల్యాబుల్లో హార్మోను పరీక్షలు బయోటిన్, స్ట్రెప్టావిడిన్ అనే రెండు అణువులు గట్టిగా అతుక్కునే గుణం మీద ఆధారపడి జరుగుతాయి. మన రక్తంలోనే బయోటిన్ పొంగిపొర్లుతుంటే ఆ అతుకు కుదరదు, అంకెలు తప్పుతాయి. థైరాయిడ్ బాగున్నవాళ్ళకి కూడా అది ఎక్కువైనట్టు కనపడొచ్చు. గుండెపోటు కనిపెట్టే ట్రోపోనిన్ పరీక్షలో అంకె తప్పుగా తక్కువ చూపించి ఒకరు చనిపోయారని 2017లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. అందుకే మా డాక్టరు గారు పరీక్షకి ముందు గమ్మీలు ఆపించారు. మీరూ ఏ రక్త పరీక్షకి వెళ్ళినా, ఇలాంటివి తింటుంటే ముందే చెప్పండి.

ఇంకో ముఖ్యమైన సంగతి: కొన్ని పోషకాలు ఎక్కువైనా జుట్టు ఊడుతుంది. మాత్రల రూపంలో విటమిన్ ఎ, సెలీనియం అలాంటివి. 2008లో అమెరికాలో ఒక ద్రవ సప్లిమెంటులో పొరపాటున సెలీనియం లేబుల్ మీద ఉన్నదానికి 200 రెట్లు పడింది. 201 మందికి జబ్బు చేసింది, వాళ్ళలో ఎక్కువమందికి జుట్టు ఊడింది. మన పక్కన మహారాష్ట్రలో, బుల్ఢాణా జిల్లా షేగావ్ తాలూకా పల్లెల్లో 2024-25 చలికాలంలో జనానికి రోజుల వ్యవధిలో బట్టతలలయ్యాయి. తినే గోధుమల్లో సెలీనియం ఎక్కువగా ఉండటమే కారణమని అక్కడ పరిశోధించిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ చెప్పారు.

మామిడిపళ్ళ సంగతి అడుగుతారని తెలుసు. పండులో ఉండే బీటా కెరోటిన్‌ని శరీరం కావలసినంతే విటమిన్ ఎ గా మార్చుకుంటుంది. కాబట్టి వేసవిలో ఎన్ని రసాలు జుర్రినా ఆ విటమిన్ ఎక్కువై జుట్టు ఊడుతుందన్న భయం అక్కర్లేదు.

ఇనుము మాత్రలు కూడా సొంతంగా మొదలుపెట్టకండి. రక్తహీనతలన్నీ ఇనుము లోపం వల్ల రావు. తలసీమియా లక్షణం ఉన్నవాళ్ళకి ఇనుము తక్కువ లేకపోయినా హిమోగ్లోబిన్ తక్కువే ఉంటుంది. అక్కర్లేని ఇనుము ఒంట్లో పేరుకుంటే కాలేయానికి చేటు.

మెస్ ప్లేటు లెక్క

వెంట్రుక అంటే దాదాపు అంతా ప్రోటీనే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం బరువులో కిలోకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. 55 కిలోల అమ్మాయికి రోజుకి 46 గ్రాములు. దీనికి డబ్బాల పౌడర్లు అక్కర్లేదు. రెండు గుడ్లు 12, గుప్పెడు పల్లీలు 7, గట్టి పప్పు ఒక కప్పు 11, కప్పు పెరుగు 6, రోజు మొత్తం తినే అన్నం నుంచి 12. మొత్తం 48. కిటుకంతా ఆ "గట్టి పప్పు" అన్న మాటలో ఉంది. సాంబారులో పప్పు వెతుక్కునే రోజున పల్లీలో, ఉడికించిన శనగలో కలుపుకోండి. గుడ్డు మాత్రం ఉడికించే తినండి. పచ్చి తెల్లసొనలోని అవిడిన్ బయోటిన్‌ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు.

ఇనుము ఆడవాళ్ళకి రోజుకి 29 మిల్లీగ్రాములు, మగవాళ్ళకి 19 అని అదే సంస్థ చెప్పింది. తోటకూర, పప్పులు, రాగుల్లో ఇనుము ఉంటుంది గానీ ఒంటికి పట్టేది కొంచెమే. మాంసం, లివర్‌లోది తేలిగ్గా పడుతుంది. శాకాహారులకి విటమిన్ సి తోడుండాలి. మా నూజివీడు కాయ పనికొచ్చేది ఇక్కడే. మామిడిలో ఇనుము దాదాపు లేదు, కానీ విటమిన్ సి ఉంది, పచ్చికాయలో ఇంకా ఎక్కువ. పప్పులో మామిడికాయ వేస్తే వేడికి కొంత విటమిన్ పోయినా, పులుపులోని ఆమ్లాలు కూడా ఇనుము పట్టడానికి సాయం చేస్తాయి. సీజన్ కాకపోతే నిమ్మకాయ పిండుకోండి, జామకాయ తినండి. అన్నం తినగానే టీ మాత్రం వద్దు, అందులోని టానిన్లు ఇనుముని అడ్డుకుంటాయి. గంట ఆగి తాగండి.

తిండికి లొంగనివి

మా అన్నయ్యకి ఇరవై నాలుగు. నుదుటికి రెండు పక్కలా జుట్టు వెనక్కి పోతోంది. నా లెక్క విని వాడూ గుడ్లు, ఉసిరి రసం మొదలుపెట్టాడు. వాడిది వేరే కథ. డీహెచ్‌టీ అనే హార్మోనుకి కొన్ని కుదుళ్ళు పుట్టుకతోనే సున్నితంగా ఉండి, ఏటేటా సన్నబడతాయి. ఆ జన్యువులు అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ వస్తాయి. ఆడవాళ్ళకైతే పాపిడి వెడల్పవుతుంది. మంచి తిండి తింటే ఒంటికి మంచిదే గానీ దీన్ని ఆపదు. దీనికి ఆధారమున్న మందులు వేరు. రక్తపోటు మాత్రగా మొదలై 1988లో అమెరికాలో తలకి రాసే మందుగా అనుమతి పొందిన మినాక్సిడిల్ ఒకటి. 1997లో మగవాళ్ళకి అనుమతి వచ్చిన ఫినాస్టరైడ్ ఇంకోటి. వాడుతున్నంత కాలమే పనిచేస్తాయి, దుష్ఫలితాలూ ఉన్నాయి. కాబట్టి డాక్టరు చెప్తేనే వాడాలి. ఎంత తొందరగా చూపించుకుంటే అంత జుట్టు మిగులుతుంది. గమ్మీలతో ఏడాది గడిపితే ఆ ఏడాది తిరిగిరాదు.

రూపాయి బిళ్ళంత మేర నున్నగా ఊడితే అది పేనుకొరుకుడు. పేరు అలా ఉంది గానీ పేనుకి సంబంధం లేదు, మన రోగనిరోధక శక్తే కుదుళ్ళ మీద దాడి చేస్తుంది. దానికీ డాక్టరే. ఇక గుండు కొట్టిస్తే ఒత్తుగా వస్తుందన్న మాట: కత్తి తగిలేది చర్మం పైన, కుదురుండేది చర్మం లోపల. మొక్కుంటే కొట్టించుకోండి, ఒత్తు కోసం మాత్రం వద్దు.

నేను డాక్టరు గారు రాసిన ఇనుము మాత్రలు వేసుకుంటూ, పైన చెప్పిన లెక్క ప్రకారం తిన్నా. మొదటి రెండు నెలలు ఏ మార్పూ లేదు. లేటెన్సీ సంగతి తెలుసు కాబట్టి కంగారు పడలేదు. జూన్‌లో ఊడడం తగ్గింది. ఆగస్టులో నుదుటి మీద పొట్టి పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకుని లేచాయి. ఎంత దువ్వినా అణగవు. అమ్మ దిష్టి తీసినందుకే వచ్చాయంటుంది, నేను కాదనలేదు. మెట్లెక్కితే ఆయాసం రావట్లేదు. నాకు అసలు తిరిగొచ్చింది అది.

ఈసారి మీ దువ్వెన నిండితే, సీసా ఆర్డరు పెట్టేముందు క్యాలెండర్ మూడు పేజీలు వెనక్కి తిప్పండి. అక్కడేమీ కనపడకపోతే, మూణ్ణెల్లయినా ఊడడం ఆగకపోతే, ఆ ఆరువందలు రక్త పరీక్షకి పెట్టండి.