గాయపడిన గుడ్లగూబ: పొలానికి తిరిగి చేర్చేదాకా

పొలం చుట్టూ వేసిన ముళ్లకంచెలో రెక్క చిక్కుకొని, లేదా గాలిపటపు మాంజా కోసుకొని గాయపడిన గుడ్లగూబలు రైతుల కంటపడుతుంటాయి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించినా సంక్రాంతి రోజుల్లో ఈ గాయాలు ఆగలేదు. తెల్లని హృదయాకారపు ముఖం గల గుడ్లగూబకు చావుపిట్ట అన్న పేరు కూడా ఉంది. రాత్రంతా ఎలుకలను వేటాడే పక్షికి ఇది ఎంత అన్యాయమైన పేరో చెప్పనక్కరలేదు. అపశకునమని తరిమేవారు కొందరైతే, జాలితో ఇంటికి తెచ్చి తెలియక చంపేవారు మరికొందరు. విస్తరణ సిబ్బంది సలహా వెంటనే ఫలించేది ఈ రెండవ వారి విషయంలోనే.

కంచెలో చిక్కిన పక్షిని లాగరాదు. తీగను ఇరువైపులా కత్తిరించి, ముక్కతో సహా పశువైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. మందపాటి తువ్వాలు కప్పి ముందుగా కాళ్లను అదుపు చేయాలి. దీని అసలు ఆయుధం ముక్కు కాదు, గోళ్లు. గాలి ఆడే అట్టపెట్టెలో, చీకటిగా, నిశ్శబ్దంగా ఉంచాలి. నోట్లో నీళ్లు పోయరాదు. శ్వాసనాళ ద్వారం నాలుక మొదట్లోనే ఉన్నందున నీరు ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉంది. కదలక కూర్చున్న పక్షి మచ్చికైందనుకోవడం పొరపాటు, అది భయంతో బిగుసుకుపోయింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం దీనిని ఇంట పెంచుకోరాదు కనుక అటవీ శాఖకు వెంటనే తెలియజేయాలి.

ముళ్లకంచె గాయం మోసపుచ్చుతుంది. రెక్క ముందంచున ఉండే పలుచని చర్మం చిరిగి రక్తప్రసరణ ఆగిన భాగం కొన్ని రోజుల తరువాత గాని ఎండి నల్లబడదు. అందువల్ల తొలిరోజే ఎగరవేయరాదు. ఎముక విరిగితే కట్టు అవసరమే, కాని ఎక్కువ కాలం ఉంచితే కీలు బిగుసుకుపోతుంది. కీలు దగ్గరే విరిగితే తిరిగి ఎగిరే ఆశ తక్కువ.

పైకి గాయమేదీ లేక నీరసించిన పక్షి విషయంలో విషాన్ని అనుమానించాలి. బ్రోమడయోలోన్ తిన్న ఎలుకను తింటే గుడ్లగూబ రక్తం కూడా గడ్డకట్టదు. విటమిన్ కె1 చికిత్స వారాల తరబడి సాగవలసి ఉంటుంది. ఎలుకమందు సిఫారసు చేసే మనమే, చచ్చిన ఎలుకలను ఏరి పూడ్చమని కూడా అంతే గట్టిగా చెప్పాలి.

ఆహారంగా విషం తగలని ఎలుకను ఎముకలు, బొచ్చుతో సహా ఇవ్వాలి. జీర్ణం కాని వాటిని పక్షి ఉండలుగా కక్కుతుంది, అది జబ్బు కాదు. ఉత్త మాంసం మీదే పెంచితే కాల్షియం లోపించి పిల్లల ఎముకలు వంగుతాయి. గూటి నుండి పడిన పిల్లకు గాయం లేకుంటే తిరిగి గూటిలో పెట్టడమే ఉత్తమం.

గాయం మానినంత మాత్రాన పని పూర్తికాదు. ఈ పక్షి కటిక చీకటిలో వినికిడితోనే ఎలుకను పట్టగలదు. ఎగిరేటప్పుడు రెక్కల చప్పుడు వస్తుంటే ఈకలు ఇంకా సరిగా లేవన్నమాట; ఎలుక ముందే పారిపోతుంది. పెద్ద పంజరంలో నిశ్శబ్దంగా ఎగిరి, స్వయంగా వేటాడిన తరువాతే విడుదల చేయాలి. వాన లేని రోజు చూసి, సంధ్యవేళ, దొరికిన చోటనే వదలాలి. ఆ చుట్టుపక్కల ఎలుకమందు అప్పుడే పెట్టి ఉంటే మాత్రం మరికొన్ని రోజులు ఆగడం మేలు.