మన ఇంటి తీగ ఎంత భారం మోయగలదు?

చార్మినార్‌కు ఉత్తరాన, నాలుగు కమాన్ల నడుమ ఉన్న గుల్జార్ హౌజ్ పాతబస్తీ వాసులందరికీ చిరపరిచితమైన కూడలి. 2025 మే 18, ఆదివారం ఉదయం ఆ కూడలి సమీపంలోని ఒక భవనంలో చెలరేగిన మంటలు 17 నిండు ప్రాణాలను బలిగొన్నాయి. వారిలో 8 మంది చిన్నారులు. విద్యుత్ షార్ట్ సర్క్యూటే కారణమై ఉండవచ్చునని అధికారులు ప్రాథమికంగా అభిప్రాయపడ్డారు. మరణించినవారు మన పొరుగువారు. పొరుగువారి హక్కును అంతగా నొక్కి చెప్పిన ధర్మాన్ని అనుసరించే మన ముందు ఆ విషాదం ఒక ప్రశ్నను నిలిపింది. మన ఇంటి గోడల్లో ఎంత కరెంటు పారుతున్నదో, ఆ తీగ ఎంత మోయగలదో మనలో ఎందరికి తెలుసు?

నిప్పును అలాగే వదిలి నిద్రించరాదని, పడుకునే ముందు దీపాలను ఆర్పివేయాలని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించినట్లు హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఆనాటి నిప్పు కంటికి కనిపించేది. నేటి నిప్పు గోడ లోపల, స్విచ్ బోర్డు వెనుక దాగి ఉంటుంది. దానిని చూడడానికి కన్ను చాలదు, లెక్క కావాలి.

ఆ లెక్క కష్టమైనదేమీ కాదు. పదవ తరగతి చదివే మన పిల్లల భౌతికశాస్త్ర పుస్తకంలోనే ఉన్నది. తీగలో కరెంటును నెట్టే ఒత్తిడి వోల్టేజ్. పారే కరెంటును ఆంపియర్లలో కొలుస్తారు. ఆ పారుదలకు తీగ చూపే అడ్డంకి నిరోధం, దాని కొలత ఓమ్. వోల్టేజ్‌ను కరెంటుతో భాగిస్తే నిరోధం వస్తుందని జర్మన్ శాస్త్రవేత్త జార్జ్ సైమన్ ఓమ్ 1827లో ప్రకటించాడు. వోల్టేజ్‌ను కరెంటుతో గుణిస్తే సామర్థ్యం వస్తుంది. దాని కొలత వాట్.

ఒక ఉదాహరణ చూద్దాం. మన ఇళ్లకు వచ్చే వోల్టేజ్ 230. నీళ్లు కాచే రాడ్డు 6.5 ఆంపియర్లు తీసుకుంటున్నదనుకుందాం. 230ని 6.5తో గుణిస్తే 1495, అంటే దాదాపు 1500 వాట్లు. 230ని 6.5తో భాగిస్తే రాడ్డు నిరోధం సుమారు 35 ఓములు. ఆ రాడ్డు 40 నిమిషాలు పనిచేస్తే మీటరులో ఒక యూనిట్ తిరుగుతుంది. ఫ్రిజ్, ఫ్యాను వంటి మోటారు సాధనాల విషయంలో ఈ లెక్క కొంత మారుతుంది గాని, వేడి పుట్టించే సాధనాలకు సరిగ్గా సరిపోతుంది.

ఇప్పుడు సహరీ వేళ వంటగదిని తలచుకోండి. చిన్న సాకెట్ మోయగలిగినది 6 ఆంపియర్లే. అంటే 1380 వాట్లు. ఆ సాకెట్‌కు ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి, దానిలో 1500 వాట్ల రాడ్డును, 1000 వాట్ల ఇస్త్రీపెట్టెను కలిపి పెడతాం. మొత్తం 2500 వాట్లు. 230తో భాగిస్తే దాదాపు 11 ఆంపియర్లు. మోయగలిగిన దానికి ఇంచుమించు రెట్టింపు భారం!

ఇంతకన్నా ప్రమాదకరమైనది వదులైన అతుకు. రాడ్డు వేయగానే బల్బు మసకబారడం మనం చూస్తూనే ఉంటాం. మీటరు వద్ద 230 వోల్టులు ఉండి, 10 ఆంపియర్లు పారుతున్న వేళ సాకెట్ వద్ద 220 మాత్రమే ఉన్నదనుకుందాం. మిగిలిన 10 వోల్టులు ఎక్కడికి పోయాయి? దారిలోనే ఖర్చయ్యాయి. 10ని 10తో భాగిస్తే ఆ దారి నిరోధం 1 ఓమ్. 10ని 10తో గుణిస్తే 100 వాట్లు. ఆ వేడి అంతా ఒక్క అతుకులోనే పుడితే, వెనుకటి 100 వాట్ల బల్బు వేడిని స్విచ్ బోర్డులో మూసిపెట్టినట్లే. కరెంటు రెట్టింపై 20 ఆంపియర్లు పారితే వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. అప్పుడది 400 వాట్లు. ముందు తీగపై తొడుగు మెత్తబడుతుంది, తరువాత కాలిన వాసన వస్తుంది, ఆ తరువాత మంట లేస్తుంది. ఈ కొలతలను మనం స్వయంగా చేయరాదు. అనుభవజ్ఞుడైన ఎలక్ట్రీషియన్ క్లాంప్ మీటరుతో నిమిషాల్లో చూసి చెబుతాడు.

కాలిపోయిన ఫ్యూజు స్థానంలో లావుపాటి రాగితీగ చుట్టే అలవాటు మనలో ఉన్నది. భారం మించినప్పుడు తాను తెగిపోయి ఇంటిని కాపాడడమే ఫ్యూజు ధర్మం. దానిని తెగనీయకపోతే గోడలోని తీగే కాలుతుంది. స్తంభానికి కొక్కెం తగిలించి కరెంటు తీసుకోవడమైతే రెండు విధాలా తప్పు. అది ఇతరుల హక్కును అపహరించడం. పైగా మీటరుగాని, ఫ్యూజుగాని అడ్డులేని ఆ తీగ వీధి మొత్తాన్ని ప్రమాదంలోకి నెడుతుంది. తాను నష్టపోరాదు, ఇతరులను నష్టపరచరాదు అన్న ఇస్లామీయ సూత్రానికి ఇది పూర్తిగా విరుద్ధం.

మన దేహానికీ ఇదే లెక్క వర్తిస్తుంది. తడిసిన దేహపు నిరోధం సుమారు 1000 ఓములనుకుంటే, 230 వోల్టుల తీగ తగిలినప్పుడు 0.23 ఆంపియర్ పారుతుంది. గుండె ఆగిపోవడానికి అంతకన్నా తక్కువే చాలు. అందుకే ఇళ్లలో అమర్చే ఆర్‌సీసీబీ 0.03 ఆంపియర్ దారి తప్పగానే కరెంటును ఆపివేస్తుంది.

ప్రాణం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. ఈ శుక్రవారం జుమా నమాజు తరువాత పిల్లలతో కూర్చొని, ఇంట్లోని ఒక్కొక్క సాధనంపై రాసి ఉన్న వాట్లను కాగితంపై వేయండి. వాటిని 230తో భాగించండి. ఏ సాకెట్‌పై ఎన్ని ఆంపియర్లు పడుతున్నాయో పిల్లలనే చెప్పమనండి. పరీక్ష కోసం నేర్చిన పాఠం ఇంటికి కాపలాగా మారుతుంది. జాగ్రత్త వహించడం మన వంతు, రక్షించేవాడు అల్లాహ్. ఆయన మన ఇళ్లను, మన పొరుగువారి ఇళ్లను ఆపదల నుండి కాపాడుగాక! ఆమీన్.