పాట యొకరిది, పైక మొకరిది

1889వ సంవత్సరము నవంబరు 23వ తేదీన అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున లూయిస్ గ్లాస్ అను నాతడు ఒక పానశాలలో, నాణెము వేసిన పాడునట్టి ఎడిసన్ ఫోనోగ్రాఫును నిలిపెను. దానికి నాలుగు గొట్టములు. ఒక్కొక్క గొట్టమునకు 5 సెంట్లు. జూక్‌బాక్సు పరిశ్రమకు మూల మిదియే. 1927 నాటికి విద్యుచ్ఛక్తిచే గది నిండ వినిపించుచు, కోరిన పాటనే పాడు యంత్రములు వెలసినవి. వుర్లిట్జర్ కంపెనీవారు 1946లో వెలువరించిన 1015 అను నమూనా యంత్రములు 56,000కు పైగా చెల్లినవి.

ఇంత ధనములో పాట కట్టినవాని పాలెంత? 1909 నాటి కాపీరైటు చట్టమువలన రికార్డొకటికి 2 సెంట్లు మాత్రమే. ప్రవేశరుసుము లేని చోట నాణెపు యంత్రము పాడుట సార్వజనిక ప్రదర్శనము కాదని ఆ చట్టమే శాసించెను. కావున రికార్డు వేయిమారులు మ్రోగినను వానికి మఱి దమ్మిడీ రాలేదు. చిన్న యంత్రముల నాటి మినహాయింపు మహాపరిశ్రమకు కోటగోడ యయ్యెను.

1976 చట్టము యంత్రమునకు ఏటికి 8 డాలర్ల రుసుము విధించెను. అది 1978లో అమలునకు వచ్చెను. వుర్లిట్జర్ వారు 1974లోనే అమెరికాలో వాని తయారీని మానుకొనియుండిరి. యంత్రముతోపాటు చట్టము నడువనిచో, న్యాయము పంట కోసిన పిమ్మట కురిసిన వానయే యగును.